ఇరవై ఏడో నంబరు మిషను

వీపుకు తగిలించుకునే బ్యాగులో కుట్టడానికి అన్నిటికన్నా కష్టమైన చోటు భుజం పట్టీ. మిగతాదంతా సూటిగా పోయే కుట్టు. పట్టీ మాత్రం కొడవలిలా వంగుతుంది. లోపల స్పాంజి, పైన ఒక గుడ్డ, కింద జాలీ గుడ్డ, అంచు చుట్టూ పైపింగు అనే సన్నటి గుడ్డ మడత. వంపు దగ్గర గుడ్డను ఒక్క రవ్వ ఎక్కువ లాగితే ముడత పడుతుంది, తక్కువ లాగితే స్పాంజి బయటికి తొంగిచూస్తుంది. ఎంత లాగాలో కాగితం మీద రాయడం ఇంతవరకూ ఎవరికీ చేతకాలేదు. శ్రీ సిటీలో తైవాన్‌వాళ్ళు పెట్టిన ఆ బ్యాగుల ఫ్యాక్టరీలో నాలుగు వందల అరవై మంది ఆడవాళ్ళు పనిచేసేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళకు ఈ వంపు నేర్పించే పని ప్రసన్నకుమారిది.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. పుట్టింది నగరిలో, కాపురం పుత్తూరులో. భర్త మురుగేష్ లారీ డ్రైవరు, మామిడి గుజ్జు డ్రమ్ములు చెన్నై రేవుకు తోలతాడు. తొమ్మిదేళ్ళ కిందట ఫ్యాక్టరీ తెరిచినప్పుడు మొదటి బ్యాచీలో చేరిందామె. తెల్లవారి ఐదింటికి పుత్తూరులో కంపెనీ బస్సు ఎక్కితే నారాయణవనం, పిచ్చాటూరు, నాగలాపురం, సత్యవేడు మీదుగా తిప్పితిప్పి ఆరున్నరకు గేటు ముందు దింపేది. దారిలో సగంమంది నిద్రపోయేవాళ్ళు, సగంమంది తల దువ్వుకునేవాళ్ళు.

ఎవరైనా పెద్దవాళ్ళు ఫ్యాక్టరీ చూడడానికి వస్తే మేనేజర్లు ప్రసన్నను చూపించి, "నేతవాళ్ళ బిడ్డ, ఆ పనితనం వేళ్ళలోనే ఉంది" అని చెప్పేవాళ్ళు. ఆమె ఏనాడూ మగ్గంలో కూర్చోలేదు. వాళ్ళ నాయనవి కరెంటు మగ్గాలు. ఆ సంగతి చెబుదామని ఒకటి రెండుసార్లు అనుకుంది గానీ, విన్నవాళ్ళు అంత సంతోషపడుతుంటే ఎందుకులే అని ఊరుకుంది. నిజానికి ఆమెకు ఈ పని నేర్పింది లాన్ అనే వియత్నాం ఆవిడ. ఫ్యాక్టరీ తెరిచిన కొత్తలో మూడు నెలలు ఇక్కడ ఉంది. తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు. ప్రసన్న చేతుల మీద తన చేతులు ఆనించి, గుడ్డను ఎప్పుడు లాగాలో ఎప్పుడు వదలాలో అట్లే నేర్పింది. తిరిగిపోయే రోజు అందరూ కలిసి ఆమెకు నగరి చీర పెట్టారు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆమె చాలాసేపు ఏడ్చింది. తమమీద అంత ప్రేమ పెంచుకుందా అని వీళ్ళు ఆశ్చర్యపోయారు.

కిందటేడు ఆగస్టులో అమెరికా మన దేశం సరుకు మీద సుంకం రెండింతలు చేసింది. బస్సులో ఆడవాళ్ళంతా ఫోన్లలో ఆ వార్తే చూశారు. వాళ్ళు కుట్టే బ్యాగులన్నీ అమెరికా షాపులకే పోతాయి. మొదట ఆదివారం ఓవర్‌టైం ఆగింది. తర్వాత రెండో షిఫ్టు తీసేశారు. కొత్తవాళ్ళను చేర్చుకోవడం మానేశారు గనక ప్రసన్నకు నేర్పించే పని లేకుండాపోయి, ఆమె కూడా లైన్లో కూర్చుని కుట్టసాగింది.

ఆయుధపూజ మాత్రం ఎప్పట్లాగే చేశారు. మిషన్లకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కోశారు. ఆ తర్వాత వారానికి పట్టీ లైన్లో ఉన్న నలభై నాలుగు మిషన్లలో నలభైని విప్పి కంటైనరుకు ఎక్కించారు. సర్వీసింగుకు పంపిస్తున్నామని, వచ్చేదాకా పక్క లైన్లో సర్దుకోమని చెప్పారు.

ఇంకో వారానికి హెచ్.ఆర్. మేనేజరు సునీల్‌కుమార్ ప్రసన్నను తన గదికి పిలిపించాడు. ఆయనది తిరుపతి. లైన్లో ప్రతి ఆడమనిషి పేరూ ఊరూ ఎరిగినవాడు.

"కూర్చో ప్రసన్నా. కంబోడియాలో మన ఓనర్లు కొత్త యూనిట్ పెడతా ఉండారు. ఆడ పట్టీ లైను నిలబెట్టాల. మూడు నెల్ల పని. నువ్వు పోవాల."

"నేనా సార్? నాకు ఇంగ్లీషు గూడా సరిగ్గా రాదే."

"లాన్‌కు వచ్చిందా?"

"మరి మన లైను ఏమవతాది సార్?" అని అడిగింది.

"మనది మనకే ఉంటాది. ఆ దేశం మీద సుంకం తక్కువ గాబట్టి అమెరికా ఆర్డర్లు ఆడినుంచి పంపిస్తారు. మనం యూరప్‌కు కుడతాం. నువ్వు తిరిగొచ్చినాక సూపర్‌వైజరు. ఆ మాట నేను లెటర్లో పెట్టిస్తా."

పైనుంచి తనకు చెప్పినదాన్నే ఆయన చెప్పాడు. అబద్ధమని ఆయనకు తెలియదు.

సాయంత్రం బస్సులో రేవతి వచ్చి పక్కన కూర్చుంది. నారాయణవనం అమ్మాయి, ఇరవై తొమ్మిదేళ్ళు. ప్రసన్న దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో అందరికన్నా చెయ్యి తిరిగింది ఆమెకే. సర్వీసింగుకని పోయిన ఇరవై ఏడో నంబరు మిషను ఆమెది.

"అక్కా, నువ్వు పోవద్దు."

"ఏమే?"

"నువ్వు నేర్పిస్తేనే గదా వాళ్ళకు వచ్చేది. రాలేదనుకో, ఆర్డరు మళ్ళా ఈడికే రావాల."

"నేను పోకుంటే ఇంకొకర్ని పంపిస్తారు. లేదంటే వీడియో తీసుకోని పోతారు."

"వీడియోలో వంపు రాదు. నీకు తెల్సు."

ఆ సంగతి ప్రసన్నకు బాగా తెలుసు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నాగలాపురం దాటాక రేవతి లేచి నిలబడి, "పోయేదుంటే పో. మళ్ళా నాతో మాట్లాడాకు" అని ముందు సీట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం ప్రసన్న నగరికి పోయింది. వాళ్ళ నాయన వరదయ్యకు నాలుగు కరెంటు మగ్గాలున్నాయి. ఈరోడు వ్యాపారి ఒకాయనకు లుంగీలు నేసి ఇస్తాడు. నూలు ఆయనది, డిజైను ఆయనది, లుంగీ మీద అంటించే పేరు కూడా ఆయనదే. షెడ్డూ, కరెంటు బిల్లూ, చాకిరీ వరదయ్యవి. షెడ్డులో మాట వినపడదు గనక ఆయన నాలుగు మోటార్లూ ఆపి కూతురు చెప్పిందంతా విన్నాడు.

"మీదీ ఇదే గదా పాపా," అన్నాడు. "గుడ్డ యాడనించో వస్తాది, కుట్టి ఇచ్చేస్తారు, పేరు ఇంకొకాయనిది. మీ తైవానోళ్ళు నాకన్నా పెద్ద షెడ్డు పెట్టుకోనుండారు. అంతే తేడా."

"పొమ్మంటావా, వద్దంటావా నాయనా?"

వరదయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఈ ఈరోడాయన నాకు నూలు ఇయ్యకముందు సేలం పక్కన ఎవరికో ఇస్తా ఉన్నెంట. పదైదేండ్లాయ. ఆ మనిషి ఏమైపోయినాడని నేను ఒక్క దినం గూడా అడగలా. పేరు గూడా తెల్దు."

లేచి మోటార్లు వేశాడు.

ఆమె పోవడానికే నిర్ణయించుకుంది. సూపర్‌వైజరు ఉద్యోగం ఒక కారణం. విమానం ఎక్కాలని ఉండడం ఇంకో కారణం, అది ఎవరితోనూ చెప్పలేదు. తిరుపతిలో తత్కాల్ పాస్‌పోర్టు తీయించారు. నవంబరు చివర్లో మురుగేష్ లారీ పని మానుకుని చెన్నై విమానాశ్రయం దాకా వచ్చి దింపాడు.

ఫ్యాక్టరీ కంబోడియా రాజధాని నామ్‌పెన్ బయట ఉంది. చుట్టూ వరిమళ్ళు, కొబ్బరిచెట్లు, రోడ్డుపక్క టార్పాలిన్ల కింద చెరకురసం బండ్లు. సత్యవేడు దాటాక ఉండే రోడ్డులాగే అనిపించింది. పొద్దున్నే ట్రక్కుల్లో నిలబడి ఆడవాళ్ళు పనికి వస్తున్నారు. వాళ్ళకు బస్సులు లేవు.

ఆమె దగ్గర నేర్చుకోవడానికి ఇరవై మందిని పెట్టారు. వాళ్ళలో బోఫా అనే అమ్మాయికి ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు. ఇరవై నాలుగేళ్ళు, ఒక కూతురు. మిగతా మాటలకు ఫోన్లో అనువాదం చేసే యాప్ ఉంది. మొదటిరోజు ప్రసన్న "వంపు దగ్గర ముడత రాకూడదు" అని చెప్తే, ఫోను ఏం చెప్పిందో గానీ ఇరవై మందీ పగలబడి నవ్వారు. వంకరగా ఉన్నచోట ముసలితనం రాకూడదు అని చెప్పిందట. ఆ తర్వాత ప్రసన్న ఫోను పక్కన పెట్టేసి, ఒక్కొక్కరి వెనకా నిలబడి వాళ్ళ చేతుల మీద తన చేతులు ఆనించి నేర్పడం మొదలుపెట్టింది.

మొదటి రెండురోజులూ ఎక్కడినుంచో తెచ్చిన పాత మిషన్ల మీద నేర్పింది. మూడోరోజు పెట్టెలు వచ్చాయి. మెకానిక్కులు చెక్కలు ఊడదీసి, ప్లాస్టిక్ చించి, మిషన్లను వరసగా దించుతున్నారు. ప్రసన్న ఊరికే చూడడానికి దగ్గరికి పోయింది. మొదటి మిషను తలమీద మూడు పసుపు గీతలు, మధ్యలో కుంకుమ బొట్టు కనిపించాయి. ఎండి బీటలు వారి ఉన్నాయి. రెండోదాని మీదా అట్లే. ఆమె నంబర్లు చూసుకుంటూ నడిచింది. పదకొండు. పద్నాలుగు. ముప్పై. ఇరవై ఏడో నంబరు దగ్గర ఆగిపోయింది. దారపు స్టాండు కింద తిరుత్తణి మురుగన్ స్టిక్కరు, ఒక మూల చిరిగి ఉంది. రేవతి దాన్ని అంటించినప్పుడు గాలిబుడగ వచ్చిందని గోటితో నొక్కబోయి చించింది. ప్రసన్న అప్పుడు పక్కనే ఉంది.

బోఫా వచ్చి ఆ ఎర్రబొట్టును వేలితో ముట్టి, ఏమిటిది అన్నట్టు చూసింది. ప్రసన్న స్టూలు లాక్కుని ఆ మిషను ముందు కూర్చుంది.

పట్టీ లైన్లో ఉన్నవే నలభై నాలుగు. నలభై ఇక్కడున్నాయి. పట్టీ లేకుండా బ్యాగు లేదు. యూరప్‌కు కుడతామన్న మాట వట్టిది. పైగా, నువ్వు పోవాలని సునీల్‌కుమార్ చెప్పడానికి వారం ముందే ఇవి ఓడకు బయల్దేరాయి. తను పోయినా పోకపోయినా ఈ మిషన్లు ఇక్కడికి రావలసినవే. తన ఊరి పనిని వీళ్ళ చేతుల్లో పెట్టి పోతూ లాన్ చీర ఒళ్ళో పెట్టుకుని ఎందుకంత ఏడ్చిందో తొమ్మిదేళ్ళ తర్వాత ఇప్పుడు ఆమెకు అర్థమైంది.

భోజనం బెల్లు కొట్టాక బయట చెట్టుకింద నిలబడి సునీల్‌కుమార్‌కు ఫోన్ చేసింది.

"సార్, సర్వీసింగుకు పోయిన మిషన్లు ఈడ ఉండాయి."

అవతల గది తలుపు వేసిన చప్పుడైంది.

"నేను నిజంగా సర్వీసింగే అనుకున్నా ప్రసన్నా. కాగితాల్లో అట్లే ఉండాది."

"ఇప్పుడన్నా తెల్సునా సార్?"

"మొన్న చెప్పినారు. జనవరి ఆఖరుకు మూసేస్తారు. అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు. ముందే తెలిస్తే పని ఆగిపోతాదని."

"నాలుగు వందల అరవై మంది సార్."

"అరవై ఒకటి. నన్ను గూడా వేసుకో."

ఆమె ఫోన్ పెట్టేసి రేవతికి చేసింది. రేవతి ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. ప్రసన్న లోపలికి పోయి ఇరవై ఏడో నంబరు మిషనును, స్టిక్కరు కనపడేటట్టు ఫోటో తీసి పంపింది. రెండు నిమిషాలకు ఫోన్ మోగింది.

"అది నా మిషను."

"అవును."

"యాడుండాది?"

"నా ముందర. నలభై ఈడనే ఉండాయి. జనవరికి మూసేస్తారంట రేవతీ. ఎవరూ మీకు చెప్పరు. ఇప్పట్నించే ఎవరి దారి వాళ్ళు సూసుకోండి. అందరికీ చెప్పు."

"నువ్వు ఇంకా ఆడ నేర్పిస్తానే ఉండావా?"

"ఉండా."

"ఎందుకు?"

ప్రసన్న లోపలికి చూసింది. మిగతావాళ్ళు భోజనానికి పోయారు. బోఫా ఒక్కతే కూర్చుని, తప్పుపోయిన పట్టీ కుట్టు ఒక్కొక్కటే విప్పుతోంది.

"ఈ పిల్లోళ్ళు ఎవరి మిషనూ ఎత్తుకరాలేదు గదే."

రేవతి ఫోన్ పెట్టేసింది.

మర్నాడు శ్రీ సిటీలో పని మొదలు కాలేదు. ఆడవాళ్ళు రెండు గంటలసేపు గేటు దగ్గర నిలబడి, ఆ ఫోటో చూపించి, సునీల్‌కుమార్‌ను అడిగారు. ఆయన లేదనలేదు. ఆ సాయంత్రానికి నామ్‌పెన్‌లో ప్రసన్నకు పిలుపు వచ్చింది. అక్కడి యూనిట్ పెద్ద తైవాన్ ఆయన. కంపెనీ రహస్యం బయటపెట్టావు, రేపు విమానంలో పంపించేస్తాం, సూపర్‌వైజరు లెటరు ఉండదు అని ఆయన ఇంగ్లీషులో అంటుంటే, బోఫా యాప్‌లో పట్టి చూపించింది.

ప్రసన్నకు కోపం వచ్చింది గానీ గొంతు పెంచలేదు. తెలుగులోనే చెప్పింది, ఫోను దాన్ని ఎట్లా మార్చుకుంటుందో మార్చుకోనీ అని.

"పట్టీ నేర్పించేదానికి వచ్చినాను. నేర్పిస్తాను. ఈడ కంటికి కనపడింది మావాళ్ళకు చెప్తాను. రెండూ చేస్తాను. వద్దంటే టికెట్ తీయండి."

ఆయన ఆ తెర వైపు చూశాడు. తర్వాత బల్ల మీదున్న పట్టీల వైపు చూశాడు. ఆరోజు కుట్టిన అరవైలో యాభై ముడతలు పడి ఉన్నాయి. ఫిబ్రవరిలో మొదటి ఓడ పోవాలి. టికెట్ తీయలేదు.

బోఫాకు నలభై ఐదోరోజున వంపు చేతికొచ్చింది. మొదటిసారి ముడత లేని పట్టీ రాగానే ఆ అమ్మాయి దాన్ని తన భుజానికి తగిలించుకుని గదంతా తిరిగింది. ఆ తర్వాత రోజుకు ఒకరిద్దరి చొప్పున మిగతావాళ్ళకూ వచ్చేసింది. ఒకరి చేతులు కదలడం చూస్తే ఇంకొకరికి తొందరగా వస్తుంది.

ఒకరోజు టీ తాగేటప్పుడు బోఫా అడిగింది, "ఈ పని మాకు ఎన్నేళ్ళు ఉంటుంది?" అని.

"మాకు తొమ్మిదేళ్ళు ఉన్నె," అంది ప్రసన్న. అంతకన్నా ఆమెకు మాత్రం ఏం తెలుసు.

బోఫా వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంది. ముఖం విప్పారింది. "అప్పటికి నా కూతురి చదువు అయిపోతుంది," అంది. ఆ అమ్మాయి దాన్ని శుభవార్తలాగే తీసుకుంది. ప్రసన్న కప్పులో మిగిలిన టీ తాగేసి లేచింది.

ఫిబ్రవరి రెండో వారంలో తిరిగొచ్చింది. శ్రీ సిటీలో బ్యాగుల ఫ్యాక్టరీ గేటుకు తాళం పడి అప్పటికి పది రోజులు దాటింది. బోర్డు కూడా తీసేశారు.

ఫోటో చూసిన వారంలోనే రేవతి, ఇంకో పదకొండు మంది అదే ఎస్టేటులోని ఏసీల ఫ్యాక్టరీలో చేరిపోయారు. అక్కడ చేసే ఏసీలు ఈ దేశపు ఎండలకే అమ్ముడుపోతాయి, అమెరికాతో నిమిత్తం లేదు. వాళ్ళ వెనకాల ఇంకో అరవై డెబ్బై మందికి ఫోన్ల విడిభాగాలు బిగించే చోటా, పసిపిల్లల డైపర్లు చేసే చోటా దొరికింది. కొందరు గుమ్మిడిపూండి వైపు పోతున్నారు. ముప్పై ఐదు దాటినవాళ్ళలో ఎక్కువమంది ఇంటి దగ్గరే ఉన్నారు. ఏ గేటు దగ్గర అడిగినా ముప్పై లోపు వాళ్ళే కావాలన్నారు. ప్రసన్న నాలుగుచోట్ల అడిగింది. ఒకచోట సర్టిఫికెట్ ఏదని అడిగారు. ఆమె దగ్గర అట్లాంటిదేమీ లేదు.

సునీల్‌కుమార్ తిరుపతిలో కనిపించాడు. అమెరికా ఆసుపత్రుల బిల్లులు చూసిపెట్టే ఆఫీసులో చేరాడట. "రెండొందల మంది డిగ్రీ పిల్లోళ్ళు ప్రసన్నా. పొద్దస్తమానం కంప్యూటర్ల ముందర. ఆ పని గూడా ఇప్పుడు కంప్యూటరే చేసేస్తా ఉండాదంటారు," అన్నాడు. కొంచెం నవ్వాడు కూడా. ఆమె టీ తాగమంటే తొందరగా పోవాలని వెళ్ళిపోయాడు.

నామ్‌పెన్ యూనిట్‌నుంచి మెయిల్ వచ్చింది. రెండేళ్ళు అక్కడే ట్రైనరుగా ఉండమని, గది ఇస్తామని. మొదట పంపించేస్తామన్నది కూడా వాళ్ళే. మురుగేష్ ఆ మెయిల్ రెండుసార్లు చదివించుకున్నాడు.

"నీ ఇష్టం," అన్నాడు. అన్నం తిన్నాక మళ్ళీ తనే అన్నాడు, "నేను ఇంట్లో ఉన్నెప్పుడు నువ్వు ఉండవు, నువ్వు వచ్చేసరికి నేను రోడ్డు మీద ఉంటా. ఇప్పటికే సగం అట్లనే ఉండాది."

ఆమె రానని జవాబు పంపింది. అక్కడ నేర్పవలసింది నేర్పేసింది. ఇక కొత్తవాళ్ళకు బోఫా నేర్పించగలదు.

రేవతి ఒక ఆదివారం పుత్తూరుకు వచ్చింది. ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. రేవతి ఏసీ ఫ్యాక్టరీ యూనిఫాం గురించి, అక్కడి క్యాంటీన్ సాంబారు గురించి చెప్పింది. ఆ తర్వాత తల వంచుకుని, "నువ్వు ఆ ఫోటో పంపకపోయింటే నేను గూడా ఇంట్లోనే ఉందును" అంది.

ప్రసన్న టీ గ్లాసు ఆమె ముందుకు జరిపింది.

"కానీ అక్కా, నువ్వు నేర్పించింది మాత్రం నాకు నచ్చలా. ఇప్పటికీ నచ్చలా."

"తెల్సు."

"కోపం రాలేదా?"

"నీ మిషను మీద కూర్చోబెట్టి నేర్పించినా. నీకు నచ్చాలని యాడుండాది."

రేవతి వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పింది. మిగిలిపోయిన నాలుగు మిషన్లనూ పాత ఇనుముకింద అమ్మేస్తున్నారట. ప్రసన్న మర్నాడే మురుగేష్‌తో పోయి నాలుగూ తెచ్చుకుంది. పెట్టడానికి చోటు లేదు. అప్పటికి ఈరోడు వ్యాపారి నూలు తగ్గించేశాడు. వరదయ్య నాలుగు మగ్గాల్లో రెండు ఆపేసి ఉన్నాడు. వాటిని గోడవైపు జరిపి, సగం షెడ్డు కూతురికి ఇచ్చాడు. మిగతా రెండు మగ్గాల చప్పుడులోనే ఆమె మిషన్లు మొదలయ్యాయి. పాత లైన్లో పనిచేసిన ముగ్గురు వచ్చి చేరారు. వాళ్ళలో పంకజాక్షి అందరికన్నా పెద్దది, యాభైకి దగ్గర పడింది.

మొదట దొరికిన పని పుత్తూరులోనే. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడినుంచో జనం ఆ ఊరికి వస్తారు. కట్టు కట్టాక చెయ్యి మెడకు వేలాడదీసుకునే పట్టీ బయట దుకాణాల్లో అమ్ముతారు. సన్నటి గుడ్డ, మెడను కోస్తుంది. ప్రసన్న లోపల స్పాంజి పెట్టి, అంచు మడిచి, బ్యాగు పట్టీలాగే కుట్టి ఇచ్చింది. దుకాణాలవాళ్ళకు బాగా నచ్చింది. కానీ రోజుకు పదిహేనుకు మించి అక్కర్లేదు వాళ్ళకు. ఎన్ని చేతులు విరుగుతాయి మరి. నాలుగు మిషన్లకు పూట పని కూడా కాదు.

బడులు తెరిచే కాలానికి బ్యాగులు కావాలని చెన్నైనుంచి ఆదిమూలం అనే వ్యాపారి వచ్చాడు. ఏప్రిల్‌లో మూడు వందలు కుట్టించుకుని, సరుకు బాగుందని మెచ్చుకుని పోయాడు. మే మొదటివారంలో మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చోకముందే తన సంచిలోంచి ఒక బడిబ్యాగు తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది పాట్నా పక్కనించి వచ్చిందిమా. నీకన్నా శానా తక్కువకు కుడతా ఉండారు. నువ్వు తగ్గిస్తావంటే నీకే ఇస్తా. పక్కనే ఉండావు, తెలిసిన మనిషివి."

వరదయ్య మగ్గాలు ఆపాడు. కుడుతున్న ముగ్గురూ తలలెత్తారు. ప్రసన్న బ్యాగును వెలుతురులోకి తీసుకుపోయి, లోపలిది బయటికి తిప్పింది. మూలలు చూసింది. జిప్పు అంచు చూసింది. పట్టీని రెండు చేతులా పట్టి గట్టిగా గుంజింది. పంకజాక్షి దగ్గరికొచ్చి చెవిలో, "పైపింగు వదులుగా ఉండాదని చెప్పు. కుట్లు దూరంగా ఉండాయని చెప్పు" అంది.

ప్రసన్న వంపు మీద బొటనవేలితో నెమ్మదిగా రాసింది. ముడత లేదు. స్పాంజి ఎక్కడా తొంగిచూడలేదు. ఎవరో అక్కడ గుడ్డను ఎంత లాగాలో అంతే లాగారు.

"బాగా కుట్టినారు," అంది.

ఆదిమూలం బేరానికి సిద్ధపడి వచ్చినవాడు. పంకజాక్షి వైపు చూశాడు. ఆమె తన మిషను దగ్గరికి తిరిగిపోయింది.

"అయితే ఎట్లమా?"

"ఆ రేటుకు నేను కుట్టలేనండి. పెద్ద సరుకు వాళ్ళకే ఇయ్యండి. తొందరగా కావాల్సింది, కొంచెంగా కావాల్సింది, వాళ్ళకు కుదరంది ఏమన్నా ఉంటే చెప్పండి."

ఆయన కుర్చీలో కూర్చుని ఫోన్లో ఏదో వెతికాడు. "తిరుపతిలో ఒక బడి ఉండాది. రెండొందలు. పది దినాల్లో కావాలంట. పాట్నానించి దారికే వారం పడతాది," అన్నాడు.

"బట్ట ఎప్పుడు పంపిస్తారు?"

"ఎల్లుండి."

"రేపు పంపించండి."

ఆదిమూలం సరేనని లేచి బ్యాగుకోసం చెయ్యి చాపాడు. ప్రసన్న ఇవ్వలేదు.

"ఇది ఒక నాలుగు దినాలు ఈడ పెట్టిపోండి. ఈ మూల దగ్గర పైపింగు ఎట్ల తిప్పినారో నాకు అంతుపట్టలా. విప్పి సూడాల."

ఆయన పెట్టిపోయాడు. ప్రసన్న చిన్న కత్తెర తీసుకుని, వెలుతురు బాగా పడే గుమ్మంలో కూర్చుంది.